చైర్మన్ నేను, సార్ ఆయన

మదనపల్లెలో ఒక డిగ్రీ కాలేజీలో ముప్పయ్యేళ్ళు రాజనీతిశాస్త్రం చెప్పాను. స్థానిక స్వపరిపాలన, అందులో మహిళల రిజర్వేషన్ పాఠం నాకు కంఠతా. నేను రిటైరయ్యాక మా ఊరి మునిసిపల్ చైర్మన్ పదవి మహిళకు రిజర్వయింది. పార్టీలో ఇద్దరు పెద్దమనుషులు తమ భార్యల కోసం కొట్టుకుని, ఎటూ తేలక, చివరికి నన్ను పట్టుకున్నారు. "మేడమ్ చదువుకున్న మనిషి, ఎవరి జోలికీ రాదు" అన్నారు. అది పొగడ్త అనుకున్నాను.

వార్డులో గెలిచాక, అవతలి పార్టీవాళ్ళు ఎత్తుకుపోకుండా మా కౌన్సిలర్లందరినీ బస్సెక్కించి కుప్పంలో ఒక లాడ్జిలో దాచారు. గెలిచిన ఆడవాళ్ళం గదిలో టీవీ చూస్తూ కూర్చుంటే, పక్క హాల్లో మా మొగుళ్ళు ఊరిని ఎట్లా పాలించాలో చర్చించారు. మా ఆయనా అక్కడే. పుంగనూరులో బ్యాంకు క్యాషియరుగా రిటైరైన మనిషి. ఇంట్లో ఫ్యాన్ వేయాలన్నా నన్నడిగేవారు.

పదవి చేపట్టిన రోజు నా గదిలో నా కుర్చీ పక్కనే అలాంటిదే ఇంకొకటి ఉంది.

"ఇది ఎవరికి?" అని కమిషనర్ని అడిగాను.

"సార్‌కి మేడమ్" అన్నాడు, అదేం ప్రశ్న అన్నట్టు.

గుమాస్తా ఫైలు తెచ్చి వివరమంతా ఆయనకు చెప్పి, సంతకానికి మాత్రం నా వైపు తిప్పేవాడు. నేను ప్రశ్న వేస్తే జవాబు ఆయన ముఖం చూసి చెప్పేవాడు. మొదట్లో ఆయన సిగ్గుపడేవారు. "నాకేం తెలుసప్పా, మేడమ్‌నే అడగండి" అనేవారు. నెల తిరిగేసరికి "సూస్తాంలే" అనడం నేర్చుకున్నారు. తెల్ల చొక్కాలు కుట్టించుకున్నారు. ఒక టిఫిన్ సెంటర్‌కు రిబ్బన్ కత్తిరించి వచ్చారు. ఇంట్లో ఫ్యాన్ కూడా తనే వేసుకోసాగారు.

గొడవపడ్డాను. "నేనేమన్నా అడిగినానా? వాళ్ళే ఇస్తాండారు" అన్నారు. నా పాఠంలో ఈ అధ్యాయం లేదు.

అదే ఊపులో ఆయన, ఊరి చివర కొత్త కాలనీలో జరిగిన సభలో, ఉగాదికల్లా ఇంటింటికీ కొళాయి అని మాట ఇచ్చేశారు. నేను పేపర్లో చదివి తెలుసుకున్నాను. ఉగాది వచ్చింది, పోయింది, కాలనీలో ఉన్న ఒక్క బోరూ ఎండిపోయింది. ఒక ఉదయం ఆడవాళ్ళు ఖాళీ బిందెలు పెట్టుకుని రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు.

కమిషనర్ ఫోన్ చేసి, "చైర్మన్ సార్‌ని పంపండి మేడమ్" అన్నాడు.

పంపాను.

మధ్యాహ్నం కాకముందే ఆయన ఫోన్. వెనక బిందెల మోత.

"నువ్వు రావాల. వీళ్ళు నన్ను పోనీడంలే."

"చూస్తామన్నారు కదా, చూడండి."

ఆయన గొంతు తగ్గించి, "నేనెవురని అడుగుతాండారే" అన్నారు. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. ఆటో ఎక్కాను.

ఆయన్ని ఒక ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి చుట్టూ నిలబడి ఉన్నారు. తాగడానికి నీళ్ళడిగితే, "మీరిస్తామన్నవి ఇంకా రాలేదు సార్" అన్నారట. కంపెనీ యూనిఫాంలో ఉన్న ఒకామె, డ్యూటీ మానుకుని వచ్చినట్టుంది, నాకు ఎదురొచ్చింది.

"ఓటేసింది నీకమ్మా. మాట ఇచ్చింది ఆయప్ప. ఇప్పుడు ఎవుర్ని పట్టుకోవాల?"

"నన్నే" అన్నాను.

పైపులు ఈ ఏడాది రావని, అందాకా రోజూ పొద్దున్నే ట్యాంకర్ పంపిస్తానని ఉన్నమాట చెప్పాను. అప్పుడు మొదలుపెట్టారు. నన్ను, నా చదువును, నా పార్టీని కలిపి నోటికొచ్చినట్టు తిట్టారు. చైర్మన్ అయ్యాక జనం నా ముఖం చూసి మాట్లాడింది ఆ రోజే. చేతులు కట్టుకుని అంతా విన్నాను, ఒక్క మాట కూడా పోనివ్వకుండా.

మర్నాటి నుంచి ఆయన ఆఫీసుకు రాలేదు. "సార్‌కి ఒంట్లో బాగలేదా?" అని వారమంతా ఆఫీసులో నన్ను పరామర్శించారు. బాగానే ఉన్నారని చెబితే నమ్మలేదు. ఒక కౌన్సిలర్ ఇంటికే పళ్ళు తీసుకుని వచ్చాడు.

మరుసటేడు పైపులు పడ్డాయి. ప్రారంభోత్సవం రోజు శిలాఫలకం మీద తెర తీస్తే, అందరికన్నా కింద నా పేరు, దాని పక్కనే ఫలానా వారి సతీమణి అని ఉంది. ఆయన పేరే కాస్త పెద్ద అక్షరాల్లో చెక్కారు. ఇదేమిటని అడిగితే, "జనానికి గుర్తు తెలియాల కదా మేడమ్" అన్నాడు కమిషనర్. పక్కనే నిలబడ్డ మా ఆయన నేలచూపులు చూశారు.

నీళ్ళు మాత్రం రోజు విడిచి రోజు వస్తాండాయి.