సందులు పూడ్చిన వాకిలి

మట్టి వాకిలంటే నాకు మొదటి నుంచీ నామోషీ. పందొమ్మిది వందల అరవైల తొలినాళ్లలో తాండూరు బడిలో పిల్లలకు సైన్సు చెప్పే పంతులమ్మను నేను. అలాంటిదాన్ని పొద్దున్నే కొంగు దోపుకుని పేడనీళ్లు చల్లుతూ కనిపిస్తే ఏం బాగుంటుంది? వానాకాలం వస్తే వచ్చినవాళ్ల కాళ్ల బురద గడప దాకా వచ్చేది. మా ఆయనను నెలల తరబడి పోరి వాకిలంతా బండలు వేయించాను. చుట్టూ గనులున్న ఊరు, బండలకేం కొదవ!

బండలు వేసే మేస్త్రీ పెద్దమనిషి. బండకూ బండకూ నడుమ వేలెడు సందు వదిలి ఇసుక నింపుతానన్నాడు. గోడవారగా జానెడు మట్టి కూడా వదిలేద్దామన్నాడు.

“నేల నీళ్లు గుంజుకోవాలె గదమ్మా,” అన్నాడు.

“గడ్డి మొలుస్తది, పురుగూ పుట్రా చేరుతది. అన్నీ సిమెంటుతోని పూడ్చు,” అన్నాను.

వీధి వైపు వాలు పెడితే దర్వాజ ముందు బురదవుతుందని, పక్కగోడ వైపు పెట్టించి అక్కడ తూము చేయించింది కూడా నేనే. గోడ అవతల పల్లంలో గొర్లు కాసుకునేవాళ్ల దొడ్డి ఉందని నాకు తెలుసు. తెలిసీ ఆలోచించలేదు.

మొదటి పెద్దవాన కురిసిన మర్నాడు ఆ దొడ్డివాళ్ల ఇంటామె వచ్చింది. నా కొత్త బండలు మురికవుతాయని కాబోలు, దర్వాజ బయటే నిలబడింది.

“పంతులమ్మా, దొడ్డిల మోకాలి దాంక నీళ్లు నిలిచినయి. ఎన్నడు గిట్ల లేదు. జర వచ్చి చూడు,” అంది.

నేను వెళ్లి చూడలేదు. పాఠం మొదలుపెట్టాను. పల్లంలో ఉంటే నీళ్లు రాక ఏమొస్తాయన్నాను. జీవాల పెంట ఇంటి పక్కన ఉంటే రోగాలన్నాను. మొరం మట్టి పోసి ఎత్తు పెంచుకొమ్మన్నాను. ఆమె “మంచిదమ్మా” అని వెళ్లిపోయింది. ఆ వారమంతా తట్టలతో మొరం మోసింది. కిటికీలోంచి చూస్తూ, నా మాట విన్నదని మురిసిపోయాను కూడా. ఇది రాస్తుంటే ఇప్పటికీ ముఖం మండుతోంది.

మొరం ఆగలేదు. వాన పడ్డప్పుడల్లా కొట్టుకుపోయింది. తడిలో నిలబడి నిలబడి గొర్ల గిట్టలు పుచ్చాయి. కొత్తగా పుట్టిన పిల్లలు నాలుగు, పడుకోవడానికి పొడినేల లేక, ఒకదాని వెనక ఒకటి చచ్చిపోయాయి. ఆమె వాటిని గంపలో పెట్టుకుని పోతుంటే చూశాను. పాపం అనుకున్నాను, లోపలికెళ్లి అన్నం తిన్నాను.

కొన్నాళ్లకు బడిలో వాననీరు నేలలోకి ఎలా ఇంకుతుందో చెప్పే పాఠం వచ్చింది. ఏదైనా చేసి చూపించడం నాకు సరదా. చెంబెడు నీళ్లు బడి ముందరి మట్టిలో పోస్తే నేల తాగేసింది. ఇంకో చెంబెడు వరండా బండల మీద పోశాను. అవి జరజరా పారి, పల్లం వైపు కూర్చున్న పిల్లల కాళ్లు తడిపాయి. వాళ్లు నవ్వుతూ లేచి నిలబడ్డారు. నా కళ్లముందు మా వాకిలి, గోడ అవతలి దొడ్డి మెదిలాయి. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని. ఆ పూట మిగతా పాఠం చెప్పలేకపోయాను.

సాయంత్రం ఇంటికి కూడా పోకుండా నేరుగా ఆమె దొడ్డికి వెళ్లాను. కుంటుతున్న గొర్రెను ఒడిసి పట్టుకుని గిట్టకు వేపనూనె రాస్తోంది.

“మా వాకిట్ల నీళ్లే నీ దొడ్డిల పడ్డయి. నీ గొర్రెపిల్లల పాణం తీసింది నేనే,” అన్నాను.

ఆమె చెయ్యి ఆపలేదు. “ఎరుకేనమ్మా. మొదటి వాననాడే ఎరుక. మీ తూములకెల్లి వచ్చుడు కండ్లముంగట కనవడ్తనే ఉండె గద.”

“మరి ఆనాడే ఎందుకు చెప్పలే?”

“చెప్పనీకే వచ్చిన పంతులమ్మా. నువ్వే చెప్పుడు మొదలువెడితివి.”