ఆరో రకం

నాకు పదమూడేళ్ళప్పుడు, ఎనభైల మొదట్లో, మేము అమెరికాలోని నేపర్‌విల్‌లో ఉండేవాళ్ళం. స్కూల్లో నాకున్న ఒకే ఒక్క స్నేహితురాలి ఇంట్లో, బేస్‌మెంట్‌లో, శనివారం మధ్యాహ్నాలు ఒక ఆట ఆడేవాళ్ళు. ఆమె అన్నయ్య ఒక ఊహాలోకాన్ని కల్పించి కథ నడిపేవాడు. మిగతా నలుగురం అందులో వీరులం. గుహల్లోకి దిగాలి, ఎదురైనవాటితో పోరాడాలి. గెలిచామో చచ్చామో పాచికలు చెప్పేవి.

ఆ లోకంలో చచ్చినవాళ్ళు సరిగ్గా చావరు. వాళ్ళ కోసమే అతను ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాడు. అప్పటికి అందులో ఐదు రకాలు ఉండేవి. ఒట్టి ఎముకలు అన్నిటికన్నా తక్కువ రకం, గొడ్డలి దెబ్బకి విడిపోతాయి. ఆ పైన ఇంకా మాంసం ఊడని నడిచే శవాలు. సమాధులు తవ్వి శవాలు తినేవాటి గోరు తగిలితే మనిషి కొయ్యబారిపోతాడు. ప్రాణాన్ని పెట్టెలో దాచుకుని, కుళ్ళిపోతూనే వందల ఏళ్ళు బతికే మాంత్రికుడు ఇంకొకడు. నీడలకు ఒళ్ళే లేదు కాబట్టి నాకు అవే నయమనిపించేవి.

అతను వాటిని వర్ణించే తీరు భరించలేకపోయేదాన్ని. చేతిలో పిజ్జా ముక్క పట్టుకుని, చీజ్ తీగలా సాగుతుండగా, "కంటి గుంటలోంచి పురుగు జారి నీ పెదవి మీద పడింది" అనేవాడు. కార్పెట్ ఎప్పుడూ తడిసిన కుక్క వాసన కొట్టేది. మా ఇంట్లో గుడ్డు కూడా వండరు. అయినా వెళ్ళేదాన్ని. వెళ్ళకపోతే నాకు ఎవరూ లేరు.

ఆ ఏడు నాయనమ్మ ఇండియా నుంచి వచ్చి మా దగ్గర ఆరు నెలలు ఉంది. అమ్మా నాన్నా ఉద్యోగాల నుంచి వచ్చేదాకా ఇంట్లో మేమిద్దరమే. ఒక సాయంత్రం ఆవిడ పెరుగన్నం తింటుంటే, నేను ఆ ఐదు రకాల గురించీ వచ్చీరాని తెలుగులో చెప్పుకుంటూ పోయాను.

"ఛీ ఛీ! అన్నం దగ్గర ఏం మాటలే అవి?" అని కంచం పక్కకి జరిపింది.

"జస్ట్ గేమ్, నాయనమ్మా. డెడ్ పీపుల్ మళ్ళీ లేచి వస్తారు."

"కాల్చరా వాళ్ళని?"

"లేదు. బరీ చేస్తారు."

"అదీ సంగతి. అలా కుళ్ళబెట్టుకుంటే లేవక ఏం చేస్తాయి?" అంది. "కాల్చినా వస్తారని భయపడేవాళ్ళూ ఉన్నార్లే" అని తనే మొదలుపెట్టింది.

ఆవిడ చెల్లెలు పద్దెనిమిదేళ్ళకి కాన్పులో చనిపోయిందట, బిడ్డ కడుపులో ఉండగానే. అలా పోయిన మనిషి దయ్యమై సొంతవాళ్ళ ఇంటికే వస్తుందని ఊళ్ళో అన్నారు. శ్మశానం దారిలోనూ, పుట్టింటి గుమ్మం ముందూ ఆవాలు చల్లారు. దయ్యం గింజగింజా ఏరుకుంటూ రావాలి కాబట్టి తెల్లారేలోపు ఇల్లు చేరలేదట.

"నిజంగా వచ్చిందా?"

"ఏమో. ఎవరు చూశారు?" అంటూ లేచి కంచం కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

ఆ శనివారం స్నేహితురాలి అన్నయ్య నావైపు తిరిగి, "మీ ఇండియాలో ఇలాంటివి ఏమీ లేవా?" అని అడిగాడు. నలుగురూ నావైపే చూశారు. నేను నోరు తెరవాలని వాళ్ళు ఎదురుచూడటం అదే మొదటిసారి. చెప్పేశాను. మా నాయనమ్మ చెల్లెలని చెప్పలేదు, అదొక రకం అన్నాను. అతను సంబరంగా నోట్‌బుక్ తెరిచి ఆరో నంబరు వేశాడు. "ప్రాణానికి ఎన్ని పాయింట్లు ఇద్దాం?" అంటే, ఆలోచించకుండా "పద్దెనిమిది" అన్నాను.

పావుగంటలో ఆటలో ఆమె దయ్యమై గుహలోకి వచ్చింది. ఆవాలు లేక ఒకడు తన సంచిలోని గోధుమలు చల్లాడు. ఆమె వంగి ఏరుకోవడం మొదలుపెట్టింది. ఇంకొకడు కత్తి దూశాడు. "పొట్ట చీలింది. లోపలిది ఇంకా కదులుతోంది. దాన్నేం చేస్తారు?" అన్నాడు అన్నయ్య. అందరూ పగలబడి నవ్వారు. పాచిక నా చేతిలో పెట్టారు. విసిరాను. పెద్ద అంకె పడింది, చప్పట్లు కొట్టారు. ఒక్క క్షణం నాకు సంతోషం కూడా వేసింది. ఆ వెంటనే బాత్‌రూమ్‌కి పరిగెత్తి తాగిన ఆరెంజ్ సోడా అంతా కక్కుకున్నాను. ముక్కులోంచి కూడా వచ్చింది. మొహం కడుక్కుని, ఎవరికీ చెప్పకుండా ఇంటికి నడిచి వచ్చేశాను.

నాయనమ్మ సోఫాలో కూర్చుని బట్టలు మడత పెడుతోంది.

"నాయనమ్మా, ఐ టోల్డ్ దెమ్. నీ చెల్లి గురించి. దాన్ని మాన్‌స్టర్ చేశారు. నేను కూడా కిల్ చేశాను."

ఆవిడకి అర్థం కాలేదు. మళ్ళీ మొదటినుంచీ చెప్పాను, పొట్ట సంగతి దాకా. చెంప పగలగొడుతుందనుకున్నాను.

"పేరు చెప్పావా?" అంది.

"నాకు తెలీదు కదా. నువ్వు చెప్పలేదు."

"చెప్పలేదు." మడతపెట్టబోయిన తువ్వాలు ఒళ్ళో పెట్టుకుంది. "గుమ్మం ముందు ఆవాలు చల్లింది నేనేనే. మా అమ్మ లేవలేకుండా పడి ఉంది. అప్పుడు మీ నాన్న నా కడుపులో ఉన్నాడు. అది వచ్చి నా బిడ్డని ఏం చేస్తుందోనని గుప్పిళ్ళతో చల్లాను. రాకు, రాకు అనుకుంటూ చల్లాను. తోడబుట్టినదాన్ని, అలా."

అంటూ అరచేతిని తువ్వాలుకి తుడుచుకుంది. చేతికి ఏదో అంటుకుని వదలనట్టు మళ్ళీ మళ్ళీ తుడుచుకుంది. నా మీద నాకెంత రోత పుడుతోందో, ఆవిడ ముఖంలోనూ అంతే కనిపించింది. నేను పక్కన కూర్చున్నాను. అప్పుడు ఆ పేరు చెప్పింది. ఇక్కడ రాయను.

సోమవారం స్కూల్లో స్నేహితురాలిని బతిమాలాను, ఆ పేజీ చింపేయమని మీ అన్నయ్యకి చెప్పమని.

"ఎందుకు? అన్నిటికన్నా అదే బాగుంది! నువ్వెళ్ళిపోయాక ఇంకో రెండిటిని చంపాం" అంది.

ఆమె తప్పేమీ లేదు. ఆ ఆరో రకం ఎవరో ఆమెకి తెలియదు, చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇక ఆ ఇంటికి వెళ్ళలేదు. ఆ ఏడాది స్కూల్ అయిపోయేదాకా లంచ్ ఒక్కదాన్నే తిన్నాను.