జక్కయ్య పేరు మీద ప్రార్థన

పద్నాలుగు నెలలుగా సారమ్మ ప్రతి ఆదివారం ఒక మనిషి నాశనం కోసం ప్రార్థన చేస్తోంది. చాటుగా కాదు. గుళ్ళో, అందరి ముందు, గొంతెత్తి.

గురజాలకు పడమరగా ఉన్న ఆ పల్లెలో ఆరాధన చివర మనవుల వేళ ఉంటుంది. ఎవరికి ఏ కష్టం ఉంటే వాళ్ళు లేచి, పేరు చెప్పి ప్రార్థిస్తారు. ఒకరు కొడుకు కానిస్టేబుల్ పరీక్ష కోసం, ఒకరు తల్లి మోకాళ్ళ కోసం, ఒకరు ఎండిపోయిన బోరు కోసం. ప్రతి మనవికీ గుడంతా ఆమేన్ అంటుంది. అలవాటు కొద్దీ అంటుంది, చెవిపెట్టి వినేవాళ్ళు తక్కువ. అందుకే సారమ్మ మొదటిసారి లేచి, "ప్రభువా, జక్కయ్య నా బిడ్డను చంపాడు. వాడు స్టీరింగ్ పట్టుకున్న చేతులు ఇంక దేన్నీ పట్టుకోకుండా చెయ్యి. వాడి కంటి మీద కునుకు ఉండనీకు" అన్నప్పుడు కూడా గుడంతా ఆమేన్ అంది. ఆ తర్వాత గాని పాస్టరు కృపానందం కళ్ళు తెరవలేదు. మగవాళ్ళ వైపు మూడో వరసలో ఉన్న జక్కయ్య తలెత్తలేదు.

సారమ్మకు యాభై రెండేళ్ళు. మొగుడు దేవదాసు సున్నపు బట్టీల్లో పనిచేసి, ఊపిరితిత్తులు చెడి, ఎనిమిదేళ్ళ కిందట పోయాడు. పూడ్చిన మూడో రోజునే ఆమె మిరపచేలో దిగింది. "ఇంత ప్రార్థన చేస్తావు గదే, నీ దేవుడేం చేశాడే?" అని రైతు భార్య వెంకాయమ్మ గట్టు మీద నుంచి అడిగింది. "మా ఆయన్ని తీసుకుపోయాడు, నన్ను నీ చేలోకి తోలాడు. కాయ కొయ్యాలా వద్దా చెప్పు దొరసానీ" అంది సారమ్మ. కూలీల ముఠా మొత్తం నవ్వింది. రెండేళ్ళు తిరక్కుండానే ఆ ముఠాకు ఆమే మేస్త్రి అయింది. ఏ రైతు చేలో ఎప్పుడు దిగాలో, ఎవరికి ఏ సాలు ఇవ్వాలో, ముఠాలో ఎవరుండాలో అన్నీ ఆమె మాట మీదే. కోతల కాలంలో ఎంత అలిసినా శుక్రవారం ఉపవాస కూడిక మానేది కాదు. పాట ఎత్తుకునేది ఆమే.

కూతురు నిరోష నర్సరావుపేటలో డిగ్రీ మూడో ఏడు చదువుతూ సెలవులకు వచ్చింది. ఇంట్లో కూర్చోలేక తల్లితో కోతకు వెళ్ళింది. ఆ శుక్రవారం సాయంత్రం వెనక ట్రక్కులో మిరప బస్తాల మీద పదకొండు మంది ఆడవాళ్ళను ఎక్కించుకుని జక్కయ్య ట్రాక్టరు తోలాడు. సారమ్మ ఎప్పటిలాగే డ్రైవరు పక్కన మడ్‌గార్డు మీద కూర్చుంది. సాగర్ కాలవ కట్ట మీద మలుపులో ట్రక్కు పక్కకు ఒరిగి తిరగబడింది. పది మంది దెబ్బలతో బయటపడ్డారు. నిరోష బస్తాల కింద ఉండిపోయింది. బస్తాలు ఒక్కొక్కటే లాగుతుంటే కారం ఘాటుకు అందరి కళ్ళూ మండాయి. ఎవరు ఏడుస్తున్నారో, ఎవరికి నీళ్ళు కారుతున్నాయో తెలియలేదు.

మలుపులో జక్కయ్య ఒక చేత్తో ఫోను పట్టుకుని మాట్లాడుతున్నాడు. అది సారమ్మ కళ్ళారా చూసింది. పోలీసులు కేసు పెట్టారు. ట్రాక్టరు సొంతదారు రైతు తరఫు పెద్దమనుషులు రాజీ అంటూ వచ్చారు. సారమ్మ వాళ్ళను గడప ఎక్కనీయలేదు. పల్లె పెద్దలు వచ్చారు. వాళ్ళకు టీ ఇచ్చి పంపింది, మాట మాత్రం ఇవ్వలేదు.

ఆమె చేతిలో ఉన్న పగ ఇంకొకటుంది. జక్కయ్య భార్య శ్రీదివ్య ఆ ముఠాలోనే కోసేది. సారమ్మ మరుసటి వారమే ఆమెను తీసేసింది. చుట్టుపక్కల మూడు ఊళ్ళ మేస్త్రులకు ఫోను చేసి, "దాన్ని పెట్టుకుంటే మీ చేలోకి నా మనుషులు సాయానికి రారు" అని చెప్పింది. మొగుడికి ట్రాక్టరు ఎవరూ ఇవ్వలేదు, పెళ్ళానికి కొడవలి పని కూడా దొరకలేదు. ఆ ఇంట్లో పొయ్యి ఏ పూట వెలగలేదో సారమ్మకు తెలుసు. పొగ కోసం చూసేది. పొగ రాని పూట ఆమెకు అన్నం సయించేది.

కానీ ఒకచోట ఆమె గట్టిగా నిలబడింది. నెల మొదటి ఆదివారం ప్రభువు సంస్కారం ఇస్తారు: రొట్టె ముక్క, గిన్నెలో ద్రాక్షరసం. ఎవరి మీదైనా పగ ఉంచుకుని రొట్టె, గిన్నె ముట్టకూడదని ఆ గుడి నియమం. పగలున్నా చానామంది ముట్టుకుంటారు. సారమ్మ పద్నాలుగు నెలలుగా ముట్టలేదు. గిన్నె తన దాకా వస్తే పక్కామెకు అందించేది.

"పగ వదిలేసి తీసుకోమ్మా" అన్నాడు కృపానందం.

"వదల్లేదుగా అయ్యగారూ. వదిలానని నోట్లో పోసుకుంటే ఆయన ముందు అబద్ధం ఆడినట్టేగా. మనుషులతో ఆడతానేమో, ఆయనతో ఆడను."

"మరి ప్రార్థనలో శాపాలేంది?"

"శాపాలు కాదు, ఫిర్యాదు. స్టేషన్లో పెట్టిన కేసు నడవట్లేదు. ఇక్కడా పెట్టాను."

పన్నెండో నెలలో జక్కయ్య పొరుగూరిలో కంది నూర్పిడి మిషన్ మీద కూలికి పోయాడు. బెల్టులో పడి కుడిచేతి రెండు వేళ్ళు తెగిపోయాయి. కబురు పల్లెకు చేరేసరికి జనం సారమ్మ ఇంటి వైపు చూశారు. ఆ రోజు నుంచి ఆమె మనవికి ఆమేన్ అనడానికి గుడిలో ఎవరికీ నోరు రాలేదు. ఏడాది కిందట ప్రహరీ గోడ కోసం ఆమెతో తగువుపడ్డ కాలేబు నాటుకోడి కూర పట్టుకొచ్చి, "అక్కా, ఆ గోడ సంగతి నువ్వేం ప్రార్థనలో పెట్టలేదుగా?" అని అడిగాడు. "పెట్టలేదు గానీ, కూర బాగుంది, అప్పుడప్పుడు తెస్తుండు" అంది సారమ్మ. ఆ ఆదివారం లేచి దేవుడికి, "రెండే తీశావు, ఇంకా ఎనిమిదున్నాయి" అని గుర్తుచేసింది.

పద్నాలుగో నెలలో కోర్టు ఆమె సాక్ష్యానికి ఒక సోమవారం తేదీ ఇచ్చింది. దానికి ముందు శనివారం పొద్దున శ్రీదివ్య వచ్చింది. గడప బయటే నిలబడింది.

"అత్తా, వందనాలు. ఆ ప్రార్థన వెనక్కి తీసుకో. ఆయన రాత్రుళ్ళు లేచి వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నాడు."

"లెక్కపెట్టుకోనీ. నాకు లెక్కపెట్టుకోడానికి ఒక్కతే ఉండేది."

"జైలుకన్నా పంపు, తలొంచుకుని పోతాడు. దేవుడితో మాత్రం చెప్పమాక."

"పోవే, పో. నీ మొగుడికి ఫోను చెవి దగ్గర పెట్టుకోమని నేనేమన్నా చెప్పానా?"

శ్రీదివ్య వెళ్ళలేదు. గొంతు పెంచకుండా అంది: "ఫోను సంగతి నువ్వు చెప్పలేదు అత్తా. భుజం మీద కొట్టి, 'కూడికకు టైమైంది, తొందరగా పోనియ్యరా' అన్నది ఎవరు? ఆయన ఆ మాట పోలీసులకు చెప్పలే. లాయరు గుచ్చిగుచ్చి అడిగినా చెప్పలే. బిడ్డ పోయినామెను ఇంకేం చంపుతామే అన్నాడు."

సారమ్మ చేతిలోని చీపురు ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. శ్రీదివ్య కొట్టించుకోవడానికి సిద్ధపడ్డట్టు కాసేపు నిలబడి, వెళ్ళిపోయింది.

ఆ మాట తను అన్నట్టు సారమ్మకు గుర్తుంది. మొదటి రోజు నుంచీ గుర్తుంది. కూడికలో పాట ఎత్తుకునేది తనే కాబట్టి ఆలస్యం కాకూడదని తొందర. కొట్టినప్పుడు అరచేతికి తగిలిన చొక్కా తడి కూడా గుర్తుంది. అబద్ధం ఆడనని గిన్నె దాటించిన మనిషి, దేవుడికి పెట్టిన ఫిర్యాదులో సగం దాచిపెట్టింది. ఇన్నాళ్ళూ ఆయన దగ్గర చెప్పింది దొంగ సాక్ష్యమే.

ఆదివారం మనవుల వేళ అందరూ ఆమె వైపు చూశారు. ఆమె లేవలేదు. కృపానందం ముగింపు ప్రార్థన చేశాడు.

సోమవారం గురజాల కోర్టులో బంట్రోతు పేరు పిలిచాడు. దేవుని ఎదుట నిజమే చెబుతానని ప్రమాణం చేయించారు. ప్రభుత్వ ప్లీడరు అడిగినవన్నీ చెప్పింది: ఎంతమంది ఎక్కారో, జక్కయ్య ఏ చేత్తో ఫోను పట్టుకున్నాడో, మలుపు ఎక్కడో. "ఇంకేమైనా చెప్పేదుందా?" అని ప్లీడరు మర్యాదకు అడిగాడు.

"ఉందయ్యా. తొందరగా పోనియ్యమని నేనే వాడి భుజం మీద కొట్టాను. కూడికకు టైమైందని."

ప్లీడరు ముఖం మాడిపోయింది. అవతలి లాయరు కాగితం మీద గబగబా రాసుకున్నాడు. జడ్జి గారు తలెత్తి, "అమ్మా, ఈ మాట స్టేట్‌మెంట్లో లేదే?" అన్నారు.

"అప్పుడు దాచానయ్యా. వాడు ఫోను మాట్లాడిందీ నిజమే, నేను తొందరపెట్టిందీ నిజమే. రెండూ రాయించండి. ఒకటి రాసి ఒకటి వదిలెయ్యద్దు."

కేసుకు మరో తేదీ ఇచ్చారు. మెట్ల దగ్గర జక్కయ్య వేళ్ళు తెగిన చెయ్యి వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. "అత్తా, ఆ మాట చెప్పకపోయినా పోయేదిగా."

"నీ కోసం చెప్పలేదురా. సగం అబద్ధంతో నిన్ను లోపలికి పంపితే రేపు పైకోర్టులో ఎవడో లాయరు పీకి బయటేస్తాడు. నిజంతో పోతే పోయినట్టే ఉంటావు." రెండడుగులు వేసి ఆగింది. "నీ పెళ్ళాన్ని బుధవారం కోతకు రమ్మను. దాని మీద నాకు కేసు లేదు."

"మరి నా మీద..."

"నీ మీద ఉంది. నా మీద కూడా పెడతాను ఈ ఆదివారం. ఇద్దరి పేర్లూ చెబుతాను. ఆయన ఏం చేస్తాడో ఆయనిష్టం."

వాళ్ళ ఊరికి మధ్యాహ్నం ఒకటే బస్సు. జనం కిక్కిరిసి ఉన్నారు. ముందే ఎక్కిన జక్కయ్యకు కిటికీ పక్కన సీటు దొరికింది. సారమ్మను చూసి లేచి, "కూర్చో అత్తా" అన్నాడు. ఆమె వినబడనట్టు పైకమ్మీ పట్టుకుంది. అతను కూర్చోలేదు, ఆమె కూర్చోలేదు. దాచేపల్లి నుంచి వస్తున్న ఎవరో పెద్దాయన రెండు స్టేజీలు చూసి, మీకెవరికీ అక్కర్లేదా అని అడిగి, ఆ సీట్లో కూర్చున్నాడు.