నా కంప్లెయింట్ నాకే వచ్చింది

నాకు చూపు లేదు. పుట్టినప్పటి నుంచీ లేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. మధ్యలో తెలిస్తే జనం ‘అయ్యో’ అంటారు, ఆ అయ్యోలంటే నాకు ఒళ్లు మంట. సిద్దిపేటలో ఒక చిన్న ఆఫీసులో ఏడేళ్లుగా పనిచేస్తున్నాను. చూపు లేనివాళ్ల కోసం కంప్యూటర్ తెర మీద ఉన్నదాన్ని తెలుగులో పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ మాది. కొన్నవాళ్లకు ఏదైనా ఇబ్బంది వస్తే ఫోన్ చేస్తారు. ఆ ఫోన్లు ఎత్తే ఆరుగురిలో నేనొకదాన్ని.

ఈ పనిలో నాకో విద్య ఉంది. అవతలివాళ్లు తమ బాధ చెప్పుకుంటుంటే వాళ్ల గొంతు వెనక వాళ్ల కంప్యూటర్ కూడా మాట్లాడుతూ ఉంటుంది. అలవాటు పడ్డవాళ్లం ఆ గొంతును బాగా వేగంగా పెట్టుకుంటాం. చూపున్నవాళ్ల చెవికి అది పోపులో ఆవాలు చిటపటలాడినట్టు ఉంటుందట. నాకు ప్రతి మాటా తెలుస్తుంది. “మీరు మాట్లాడకండి, ఫోన్ కంప్యూటర్ దగ్గర పెట్టండి” అంటాను. రెండు నిమిషాలు వింటే చాలు, వాళ్లు ఎక్కడ ఇరుక్కున్నారో దొరికిపోతుంది. ఇంటర్వ్యూకు పోయిన ప్రతిచోటా చూపు లేకపోవడమే అడ్డం వచ్చింది. ఈ ఒక్క ఉద్యోగంలోనే అది పనికొచ్చింది. అందుకే ఇది పోతుందేమోనని ఇప్పటికీ భయమే.

పోయినేడు వానలు మొదలయ్యే రోజుల్లో మమ్మల్ని ఒక పెద్ద కంపెనీ తనలో కలుపుకుంది. ఆఫీసుల్లో కస్టమర్ల కంప్లెయింట్లు రాసిపెట్టుకునే సాఫ్ట్‌వేర్ తయారు చేయడం వాళ్ల పని. కలిసిన రోజు అందరికీ లడ్డూలు పంచి, ఆన్‌లైన్ మీటింగ్ పెట్టి, ఏమీ మారదని చెప్పారు. నాకు పుట్టుకతో వచ్చిన రోగం ఇంకోటి ఉంది, ప్రతిదీ తెలుసుకోవాలి. మన ఫోన్ నంబరు ఉంటుందా, ఇకనుంచి మన కొత్త వెర్షన్ ఎప్పుడు రావాలో ఎవరు చెప్తారు, రెండు కంపెనీల పనుల జాబితాలు కలిస్తే పైన ఎవరిది ఉంటుంది అని వరసపెట్టి అడిగాను. చాలా మంచి ప్రశ్నలన్నారు. జవాబు ఒక్కదానికీ చెప్పలేదు. ఇంటికొచ్చి చెబితే అమ్మ “కందకు లేని దురద కత్తిపీటకెందుకే నీకు?” అన్నది. మారేది నా బతుకే కాబట్టి కందను కూడా నేనేనని ఆమెకు తోచలేదు.

మొదట వచ్చింది మా సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్. ఏం బాగుచేశారో చూద్దామని ఆత్రంగా తెరిస్తే, మొదలవగానే కొత్త కంపెనీ పేరు చదువుతోంది. మార్పు అదొక్కటే. మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె. పోనీ, పేరు చదివితే చదవనీ అనుకుందామంటే, పాత కంప్యూటర్లలో ఆ పేరు చదివాక గొంతు ఆగిపోతోంది. 

మా కస్టమర్లలో కోహెడ ఊరాయన ఒకరున్నారు, కోహెడ సార్ అంటాను. ఆయనది పాత కంప్యూటరే. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు, షుగరు వల్ల అరవై దాటాక చూపు పోయింది. రోజూ పొద్దున కంప్యూటర్‌తో పేపరు చదివించుకుంటారు, తెర మాత్రం అక్కర్లేదని ఎప్పుడూ ఆర్పేసే ఉంచుతారు. ఏ ఇబ్బందీ లేకపోయినా వారానికోసారి ఫోన్ చేసి, మీ మెషీన్ పలికే తీరులో తప్పులు ఇవీ అని నాకు పాఠం చెప్పేవారు. ఆ రోజు మాత్రం మెల్లగా, గొంతు పోయింది బిడ్డా అన్నారు. ఫోన్ దగ్గర పెట్టమన్నాను. కంపెనీ పేరు వినిపించింది. వెనక వాళ్ల వంటింట్లో గిన్నె ఏదో టంగుమన్నది. ఆ తర్వాత ఏమీ లేదు. అరగంట ఒక్కో కీ నొక్కించి చూశాను. నిశ్శబ్దంలో వినడానికి ఏముంటుంది? నా విద్య నన్ను మొదటిసారి మోసం చేసింది, సిగ్గేసింది.

ఇదివరకైతే ఇలాంటి తప్పును మావాళ్లు వారంలో దిద్ది పంపేవారు. హైదరాబాదులో ఉండే మా ప్రోగ్రామరును అడిగితే, రెండు కంపెనీల పనుల జాబితాలూ ఒకటయ్యేదాకా మా కొత్త వెర్షన్లన్నీ ఆపేశారని చెప్పాడు. ఎవరు ఆపారంటే అతనికీ తెలియదు.

అంతలో రెండో మార్పు వచ్చింది. నెలాఖరుకు ఫోన్ లైను మూసేస్తున్నారు, ఇక అన్నీ కొత్త కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో రాతపూర్వకంగానే. ఆలోపు దాన్ని వాడటం వచ్చినవాళ్లు సపోర్టులో ఉంటారు, రానివాళ్లను వేరే పనిలో సర్దుబాటు చేస్తారు. మా ఆఫీసులో వేరే పని అంటే గేటు దగ్గర కూర్చోవడమే, దానికి వాచ్‌మన్ ఉన్నాడు.

మొదటి రోజు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ సాఫ్ట్‌వేర్ తెరిచి, తెర మీద ఒకదాన్నుంచి ఇంకోదానికి తీసుకుపోయే ట్యాబ్ కీ నొక్కాను. “బటన్” అన్నది. ఏ బటనో చెప్పలేదు. మళ్లీ నొక్కాను. “బటన్.” ఇంకోసారి. “బటన్.” ముప్పై ఆరు బటన్లు లెక్కపెట్టాను, అన్నిటి పేరూ బటనే. చూపున్నవాళ్లకు వాటి మీద బొమ్మలు ఉంటాయట. ఆ బొమ్మల వెనక మాటల్లో పేర్లు రాయడం మరిచిపోయారు. పేరు రాయకపోతే చదివే సాఫ్ట్‌వేర్ ఏం చదువుతుంది పాపం! చూపు లేనివాళ్లకు దారి చూపించే కంపెనీని కొని, అందులో పనిచేసే చూపు లేని మనిషి చేతికి వీళ్లు ఇచ్చింది ఇది.

కోపం వచ్చింది. కానీ అబద్ధమెందుకు, సరదా కూడా వేసింది. కొత్త ఇంట్లో ఏ స్విచ్చి ఏ లైటుదో నొక్కి తెలుసుకున్నట్టు ఒక్కో బటనూ నొక్కి ఏమవుతుందో గుర్తుపెట్టుకోసాగాను. తొమ్మిదోది నొక్కితే ఏమీ కాలేదనుకున్నాను. సాయంత్రం కోహెడ సార్ ఫోన్ చేశారు.

“బిడ్డా, నా కష్టం తీరిపోయిందని మెసేజ్ వచ్చిందట, కోడలు చదివి చెప్పింది. తీరిన సంగతి నాకు తెల్వకపాయె.”

తొమ్మిదోది తెర మీద ఉన్న కంప్లెయింటును ముగించే బటన్ అన్నమాట, అప్పుడక్కడ ఉన్నది సార్‌దే. క్షమించమని అడిగాను. పేపరు సంగతి ఏమిటని అడిగితే, కోడలు చదువుతుంది గానీ ఇంటి పనుల మధ్య హెడ్డింగులే చదువుతుందని, పాపం ఆమెను ఎన్నిసార్లు అడుగుతామని అన్నారు. ఆ మాట నాకు బాగా తెలుసు. చిన్నప్పుడు పుస్తకం పట్టుకుని ఇంట్లో ఒక్కొక్కరి వెనకా తిరిగినదాన్ని. ఒకసారి ముగిసిపోయిన కంప్లెయింటును మళ్లీ తెరవాలంటే దానికీ ఒక బటన్ ఉంటుంది. అది ఏదో నాకు దొరకలేదు.

నా పక్క సీటామె రోజూ దుబ్బాక నుంచి బస్సులో వస్తుంది. ఆమెకు చూపుంది, ఇద్దరు పిల్లల తల్లి. వదినా అని పిలుస్తాను. నెలాఖరుకు వారమే ఉందనగా నా చెవి దగ్గరికి వంగింది.

“నువ్వు ఏం చెయ్యాల్నో చెప్పు, నేను నొక్కుత. ఎవరికి తెలుస్తది?”

“నాకు తెలుస్తది వదినా.”

అన్నాను గానీ, ఆ రాత్రి సరేనందామా అని చాలాసేపు అనుకున్నాను. ఆమె నొక్కితే ఉద్యోగం నిలుస్తుంది. ఆమె సెలవు పెట్టిన రోజు నేను మళ్లీ పుస్తకం పట్టుకుని తిరిగే పిల్లనే.

మరునాడు మా ప్రోగ్రామరును మళ్లీ పట్టుకున్నాను. బటన్లకు పేర్లు రాయడం ఎంతసేపు పని అంటే, కొత్త కంపెనీవాళ్లు పూనుకుంటే ఒక పూట అన్నాడు. కాకపోతే ఉద్యోగులు అడిగేవి అన్నిటికన్నా కింద పడతాయట. కస్టమర్ ఇచ్చే కంప్లెయింటుకు మాత్రం గడువు ఉంటుంది. ఒక రోజులో ఎవరూ జవాబు ఇవ్వకపోతే అది దానంతటదే పైకి పోతుంది, ఎంత పెద్దాయన దగ్గరికైనా. వింటూనే నాకు ఆలోచన తట్టింది. ఇంట్లో నా కంప్యూటర్‌లో ఉన్న మా సాఫ్ట్‌వేర్‌ను నా జీతంతో కొనుక్కున్నాను. అంటే నేనూ కస్టమర్నే. సాయంత్రం ఇంటికి పోయి, మీ కంప్లెయింట్ల సాఫ్ట్‌వేర్‌లో బటన్లకు పేర్లు లేవు అని మెయిల్ రాసి, కింద నా ఫోన్ నంబరు పెట్టాను.

పొద్దున ఆఫీసుకు పోయి కూర్చున్నానో లేదో, వదిన ఛాయ్ పొలమారి దగ్గడం మొదలుపెట్టింది. నా తెర వైపు చూసిందట.

“నీ కంప్లెయింట్ నీకే వడ్డది పిల్లా.”

ఇద్దరం నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాం. ఊళ్లో సపోర్టు మనుషులం ఆరుగురం, వంతుల ప్రకారం వచ్చిన కంప్లెయింటు సరిగ్గా నా వంతుకు వచ్చి కూర్చుంది. దానికి జవాబు రాసే బటన్ ఏదో నాకు తెలియదు. తెలియదనేదే ఆ కంప్లెయింటు. వదిన మౌసు మీద చెయ్యి వేసింది, నొక్కి ఇంకొకరికి మళ్లించనా అన్నది. వద్దన్నాను. గడువు దాటితే నా పేరు మీద ఎర్ర గుర్తు పడుతుందని గుర్తుచేసింది. పడనివ్వమన్నాను. పైకి గట్టిగానే చెప్పాను గానీ, ఆ రోజు అన్నం సగమే తిన్నాను.

గడువు దాటిన మరునాడు నా సెల్లు మోగింది. కొత్త కంపెనీలో ఆ సాఫ్ట్‌వేర్‌కు పెద్ద. కస్టమర్‌తో మాట్లాడుతున్నాననుకుని చాలా మర్యాదగా, ఇబ్బంది ఏమిటో చూడాలి, ఒక స్క్రీన్‌షాట్ పంపగలరా అని అడిగారు.

“పంపుతాను సార్. అందులో ఏముందో మీరే నాకు చదివి చెప్పాలి.”

ఆయనకు అర్థం కాలేదు. ఫోన్ కంప్యూటర్ దగ్గర పెడతాను, మీరు మాట్లాడకుండా వినండి అన్నాను. హెడ్‌ఫోన్ తీసేసి, గొంతు వేగం తగ్గించి, ట్యాబ్ నొక్కుకుంటూ పోయాను. బటన్. బటన్. బటన్. ముప్పై ఆరూ అయ్యేదాకా ఆపలేదు. ఆఫీసంతా పని ఆపి వింటున్నట్టుంది, కుర్చీల చప్పుడు కూడా లేదు.

ఆయన గొంతు సవరించుకుని, ఇంతకీ మీ కంప్లెయింట్ ఒక రోజంతా ముట్టుకోకుండా కూర్చున్న మా సపోర్టు మనిషి ఎవరు అని కొంచెం కోపంగా అడిగారు.

“నేనే సార్.”

ఈసారి కోపం లేకుండా ఆయన, ఇంకోసారి వినిపిస్తారా అన్నారు. వినిపించాను.

సరిగ్గా నెలాఖరు రోజున కంప్లెయింట్ల సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చింది. పొద్దున్నే తెరవగానే టంగుమని ఒక చప్పుడు, ఆ వెంటనే “కంపెనీ నిబంధనలకు అంగీకరిస్తున్నారా” అని ఒక ప్రశ్న. ట్యాబ్ రెండుసార్లు నొక్కి ఎంటర్ కొట్టి అంగీకరించాను. మళ్లీ ట్యాబ్ నొక్కాను. “జవాబు రాయి, బటన్.” ఇంకోసారి నొక్కాను. “పక్కవారికి పంపు, బటన్.” ముప్పై ఆరింటికీ పేర్లు. పద్నాలుగోది “మళ్లీ తెరువు”. కోహెడ సార్ కంప్లెయింటు వెతికి ఆ బటన్ నొక్కబోతుంటే వేలు ఆగింది. ఆ టంగుమన్న చప్పుడు నేను ముందే విన్నాను. సార్ ఇంట్లో విన్నాను. అది గిన్నె కాదు.

ఫోన్ లైను అప్పటికే మూసేశారు. నా సెల్లు తీసి ఆయనకు చేశాను. ఫోన్ కంప్యూటర్ దగ్గర పెట్టమన్నాను. కంపెనీ పేరు, టంగు, నిశ్శబ్దం. మా కంప్యూటర్లలో రాని అదే ప్రశ్న, అంగీకరిస్తారా అని, ఆయన ఆర్పేసిన తెర మీద నోరు లేకుండా ఇన్నాళ్లుగా జవాబు కోసం కూర్చుని ఉంది. ట్యాబ్ రెండుసార్లు నొక్కి ఎంటర్ కొట్టమన్నాను.

గొంతు వచ్చింది. పోపులో ఆవాల్లా చిటపటా వచ్చింది. కీల చప్పుడు, ఆ తర్వాత పేపరు. మొదటి పేజీ అయింది, జిల్లా పేజీ మొదలైంది. నేను ఫోన్‌లో ఉన్న సంగతి ఆయన మరిచిపోయారు. పత్తి ధర దాకా విని నేనే పెట్టేశాను.

సార్ కంప్లెయింటును మళ్లీ తెరిచి సరిగ్గా ముగించబోతే, ఈ వెర్షన్‌లో కొత్తగా పెట్టిన ఒక డబ్బా అడ్డం వచ్చింది, నింపకపోతే కదలనివ్వదు. సమస్య తీరిందని ఎలా నిర్ధారించారు అని అడుగుతోంది. స్క్రీన్‌షాట్, వీడియో, ఇతరం అని మూడే దారులు. ఇతరం ఎంచుకుని, వివరం రాయమన్నచోట ఒకటే మాట టైపు చేశాను. నా కంప్యూటర్ దాన్ని నాకు పైకి చదివి వినిపించింది.

“విన్నాను.”