కూలర్ ముందు లాప్‌టాప్

మొన్న అమీర్‌పేట మెట్రో మెట్లు దిగి ఒక దుకాణం ముందు ఆగాను. ఈ మధ్య నా లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుంటే జ్వరమొచ్చిన ఒంటిలా కాలిపోతోంది. దాని కింద పెట్టుకునే ఫ్యాన్ల పీట ఒకటి కావాలని అడిగితే, కొట్టతను "అంకుల్, గేమింగ్‌కా, ఆఫీసుకా?" అన్నాడు. నా ఈడువాళ్లకైతే అర్థమవుతుందని రాస్తున్నాను గానీ, ఆ ప్రశ్న దగ్గర నేను ఇరవై ఏళ్ల కిందటే ఇరుక్కుపోయాను, ఇప్పటికీ పూర్తిగా బయటపడలేదు.

అప్పట్లో నేను అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ప్రోగ్రామింగ్ చెప్పేవాణ్ణి. తెల్లారకముందే ఒక బ్యాచి, సాయంత్రం రెండు బ్యాచిలు, మధ్యాహ్నమంతా ఎస్.ఆర్. నగర్‌లో మేడమీది అద్దె గదుల్లో పడి ఉండేవాణ్ణి. ఆ ఏడాది మా ఆవిడ తమ్ముడు గుంటూరు నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నాడు. కోర్సు మీద కోర్సు చేశాడు, ఏ ఉద్యోగమూ దొరకలేదు; ఈ ఎండాకాలం దాటితే ఊరికి తిరిగొచ్చి ఎరువుల కొట్లో కూర్చోవాలని మామగారు అంటే సరేనని ఒప్పుకున్నాడు. అలాంటివాడు పొద్దస్తమానం సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్‌లో కార్ల పందేలు ఆడుతుంటే నాకు ఒళ్లు మండేది. బావమరిది బతకగోరతాడని సామెత ఉంది, బావ ఏం కోరతాడో మాత్రం ఎవరూ చెప్పలేదు. వీడు దేనికీ పనికిరాడు, వెంటనే పిలిపించుకోండి అని నేను మామగారికి ఉత్తరం రాసేశాను. ఫోన్‌లో అంటే మా ఆవిడ వింటుందని ఉత్తరం. కవరు అంటించి చొక్కా జేబులో పెట్టుకున్నాను గానీ, పోస్టు డబ్బాలో వేయడానికి చెయ్యి రాలేదు.

ఇంతలో ఒకరోజు వాడు పంజాగుట్టలో ఏదో కంపెనీకి వెళ్లి ఒక సీడీ పట్టుకొచ్చాడు. సగం తయారైన కార్ల ఆట అది. మూడు రోజులు ఆడి, ఎక్కడెక్కడ తప్పుతోందో రాసిస్తే, ఆ రాసింది నచ్చితే, ఉద్యోగమట. ఆడితే జీతమేమిటో నా బుర్రకెక్కలేదు. తప్పు రాకుండా ప్రోగ్రాం రాయడమెలాగో గొంతు పోయేలా చెప్పుకునే నాకు, తప్పు దొరికితే పండగ చేసుకునే కొలువొకటి ఉందంటే ఎలా నమ్మకం కుదురుతుంది? తోటి మాస్టార్లలో ఒకాయన మోసమన్నాడు, ఇంకొకాయన ఇకముందు కాలమంతా దానిదేనన్నాడు, ఇద్దరి మాటా నిజమేననిపించి మరింత అయోమయంలో పడ్డాను.

తీరా ఆట మొదలుపెడితే పావుగంటకల్లా కార్లు నత్తనడక నడవడం, ఇంకో పావుగంటకు లాప్‌టాప్ దానంతటదే ఆరిపోవడం. ఖరీదైన వస్తువు కదా అని మా ఆవిడ దాని కింద పువ్వులు కుట్టిన గలీబు తొడిగిన బూరుగుదూది దిండు పెట్టింది. నేనేమో, ఎంత కోపమున్నా వాడి మొహం చూడలేక, కూలర్ లాక్కొచ్చి లాప్‌టాప్ ముందు పెట్టి, చల్లదనం బయటికి పోకుండా కిటికీలన్నీ బిగించాను. ముగ్గురు చదువుకున్నవాళ్లం కలిసి చేసిన పని అది. గదంతా చెమ్మగిల్లింది, మీటలు చెమర్చాయి, లాప్‌టాప్ అంతకుముందుకన్నా తొందరగా ఆరిపోయింది. మొదటి రోజు అలా గడిచిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం కూలర్ గడ్డి మార్చడానికి ఏటా వచ్చే భాయ్ వచ్చాడు. గుమ్మంలో అడుగుపెడుతూనే మొహం చిట్లించి, గడ్డి సంగతి పక్కనబెట్టి ముందు కిటికీలు తెరిచాడు.

"బంద్ కమ్రాల కూలర్ నడిపిస్తే ఎట్ల సార్? సల్లగాలి తెచ్చుడు ఒక్కటే కాదు, వేడి పోనీకి తొవ్వ ఇయ్యాలె."

తర్వాత లాప్‌టాప్ పక్కన అరచెయ్యి పెట్టి చూశాడు, దిండు లాగేశాడు, దీనికి సుత గదే బీమారి అన్నాడు. అడుగున స్క్రూలు విప్పి, లోపలి చిన్న ఫ్యాన్ దగ్గర కంబళిముక్కలా పేరుకున్న దుమ్ము బ్రష్షుతో తీసి, పాత కూలర్ జాలీ ముక్కను రెండు ఇటుకల మీద పరిచి దానిమీద కూర్చోబెట్టాడు. కూలర్‌ను కిటికీలోకి జరిపాడు. తనెప్పుడూ లాప్‌టాప్ ముట్టుకోలేదన్న సంగతి వెళ్లేటప్పుడు చెప్పాడు. ముందే చెప్పి ఉంటే మేం ముట్టుకోనిచ్చేవాళ్లం కాదు.

ఆ తర్వాత అది ఆరలేదు. కానీ సగానికి సగం గడువు పోయింది. ఒకరు ఆడుతూ ఒకరు రాస్తే తప్ప తెమలదని వాడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మీటలు నా చేతికిచ్చాడు. స్కూటర్ కూడా భయపడుతూ నడిపేవాణ్ణి, నాకు కారేమిటి? ఏ మీట నొక్కినా బండి వెనక్కే పోయేది. అలా వెనక్కి పోయి పోయి ఒక గోడకు తగిలి, గోడలోంచి దూరి, అవతల నీలంగా ఉన్న శూన్యంలోకి పడిపోయింది, ఇక పడుతూనే ఉంది. ఏదో పాడుచేశానని చేతులు వెనక్కి తీసుకున్నాను. వాడు మళ్లీ నడపమన్నాడు. నాలుగుసార్లు నడిపాను, నాలుగుసార్లూ పడింది.

"ముందుకు పోయేవాళ్లెవరికీ ఈ తప్పు దొరకదు బావా" అని వాడు నన్ను కావలించుకున్నాడు. పొగిడాడో వెక్కిరించాడో ఇప్పటికీ తేల్చుకోలేను గానీ, అంత సంతోషం నాకు మళ్లీ ఏ క్లాసులోనూ కలగలేదు.

వాడు రాసింది నచ్చింది, ఉద్యోగమిచ్చారు. ఆ సాయంత్రం ఉత్తరం చించేద్దామని జేబు తడుముకుంటే అది లేదు. డబ్బాలో వేసేశానా, చొక్కాతోపాటు ఉతుకులో పోయిందా, మా ఆవిడ చూసిందా? నేను ఎవరినీ అడగలేదు, మామగారు కూడా పోయేదాకా ఆ ఊసే ఎత్తలేదు.

మొన్న ఆ దుకాణం ముందు నిలబడి, ఏ పీట కొనాలో తేలక వాడికే ఫోన్ చేశాను. ఇప్పుడు ఆటల కంపెనీలోనే పెద్ద పదవిలో ఉన్నాడు, ఏం చేస్తాడో నాకు సరిగ్గా తెలియదు. కింద దిండు లేదు కదా అని నవ్వాడు. ఈ వయసులో ఇంకా ఆటలేనా అని నేనూ నవ్వితే, "నాన్న కూడా లేడు, ఈసారి ఉత్తరం ఎవరికి రాస్తారు బావా?" అన్నాడు.

ఎప్పుడు చూశావని అడిగాను. సీడీ తెచ్చిన రోజే, దండెం మీది చొక్కాలోంచి జారిపడిందట, పైన వాళ్ల నాన్న పేరు చూసి విప్పాడట. అంటే పనికిరాడని నేను రాసింది చదివాక కూడా వాడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మీటలు నా చేతికిచ్చాడు. ఏ పీట కొనాలో అడక్కుండానే ఫోన్ పెట్టేశాను.

పీట రెండింటికీ పనికొచ్చేది ఇమ్మని తెచ్చుకున్నాను. మా ఇంట్లో కూలర్ పోయి చాలా కాలమైంది, భాయ్ రావడం మానేశాడు, ఏసీ కోసం బిగించిన కిటికీలు తెరిచి ఎన్నాళ్లయిందో గుర్తులేదు. ఇప్పుడు ఎవరి లాప్‌టాప్ వాళ్లదే, నా చేతికి మీటలిచ్చేవాళ్లు లేరు. ఆ ఉత్తరంలోని వేడినంతా వాడు ఏ దారిన బయటికి పంపేశాడో నాకు అంతుపట్టడం లేదు. రాసినవాడిని, నాకే ఇంకా చల్లారలేదు.