కాలు తగిలితే దండం

దుర్గమ్మ కొండ వైపు తిరిగి, నెత్తిన చెయ్యి పెట్టుకుని చెబుతున్నాను. ఇందులో ప్రతి మాటా నిజం. స్టాఫ్ రూములో నా మాట నమ్మేవాళ్ళు లేరు కనుక ఈ మాత్రం ఒట్టు తప్పదు.

ఉయ్యూరు రోడ్డులో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రిల్లు మాస్టారిని. మా అమ్మాయిలకు ఫుట్‌బాల్ నేర్పడానికి ఒకాయన వచ్చారు. నైజీరియా ఆయనది. కుర్రతనంలో కలకత్తా క్లబ్బులకు ఆడదామని ఈ దేశం వచ్చారు. తర్వాత కేరళలో ఊరూరా జరిగే పోటీల్లో ఆడారు. అక్కడే మోకాలు పోయింది. ఆపరేషన్ అయ్యాక నడక వచ్చింది, పరుగు రాలేదు. ఎవరో చెబితే బెజవాడ చేరి, గవర్నర్‌పేట లాడ్జిలో గది తీసుకుని, సిటీ బస్సులో మా స్కూలుకి వచ్చేవారు. తెలుగు పిల్లల దగ్గరే నేర్చుకున్నారు. వాళ్ళు తనతో ఎలా మాట్లాడితే తనూ వాళ్ళతో అలాగే. "పరిగెత్తండి, బంతి ఇవ్వండి" అనేవారు ఆరో క్లాసు పిల్లల్ని.

ఆయనకి అర్థం కానిది ఒక్కటే. ఆటలో కాలు తగలగానే మా పిల్లలు ఆగిపోయి, అవతలి పిల్లని చేత్తో తాకి, ఆ చెయ్యి కళ్ళకద్దుకునేవారు. ఈలోగా బంతి పోయేది.

"మాస్టారూ, ఏం చేస్తున్నారండి వీళ్ళు?"

"కాలు తగిలితే దండం పెట్టుకోవాలండి. లేకపోతే పాపం."

"ఫుట్‌బాల్ అంటేనే కాలు తగలడం కదండి?"

"అందుకే మావాళ్ళు క్రికెట్ ఆడతారండి."

మర్నాడు పిల్లలకి చెప్పారు. "దండాలన్నీ దాచుకోండి. ఆట అయ్యాక పెట్టండి." ఆట అయ్యాక గ్రౌండంతా దండాలే.

ఆ ఏడాది కరస్పాండెంట్ గారు నన్ను పిలిచారు. "ఈసారి స్కూళ్ళ టోర్నమెంటు గెలిస్తే కోచ్ గారిని ఉంచుదామండి. లేదంటే ఆ పీరియడ్ మ్యాథ్స్‌కి ఇచ్చేసి ఆయన్ని పంపించేద్దాం." ఉద్యోగం పోతే వీసా పోతుంది. ఈ దేశంలోనే ఉండడానికి లేదు. వెళ్ళి కోచ్ గారికి చెప్పాను. ఆయన మోకాలి పట్టీ బిగించుకుంటూ, "పిల్లలకి చెప్పకండి మాస్టారూ" అన్నారు.

ఫైనల్ బెజవాడలో. చెరో గోలు, ఇంక నాలుగు నిమిషాలున్నాయేమో. మా తొమ్మిదో క్లాసు పిల్ల బంతితో గోలు ముందుకి దూసుకెళ్ళింది. అవతలి కీపర్ అడ్డంగా పడింది. మా పిల్ల బూటు ఆ అమ్మాయి భుజానికి తగిలింది. ఎదురుగా ఖాళీ గోలు.

"ఆగకే, కొట్టెయ్యి" అని అరిచాను.

కొట్టింది. గెలిచాం. కరస్పాండెంట్ గారు కోచ్ గారికి శాలువా కప్పారు.

ఒట్టు వేశాను కనుక దాచకూడదు. ఆ గోలు నేను కల్పించాను. శాలువా కూడా. ఆ పిల్ల ఆగింది. వంగి, కీపర్ భుజం తాకి కళ్ళకద్దుకుంది. వాళ్ళు బంతి లాక్కుపోయి గోలు కొట్టేశారు.

ఏడుస్తూ వచ్చిన ఆ పిల్లని కోచ్ గారు, "దెబ్బ గట్టిగా తగిలిందా అండి ఆవిడకి?" అని మాత్రం అడిగారు.

నెలాఖరుకి ఆయన్ని రైలెక్కించి వచ్చాను. మర్నాడు గ్రౌండులో ఆ పిల్ల నన్ను ఆపింది.

"సార్ వెళ్ళిపోయింది నావల్లేనా మాస్టారూ?"

"నీకంత సీను లేదులేవే. గోవాలో పెద్ద టీమువాళ్ళు పిలిచారు ఆయన్ని" అన్నాను.

అదీ నేను కల్పించిందే.