చేతులు లెక్కపెట్టిన ఎదెల్మీరా

ఎదెల్మీరా లెదెస్మా మా పేట మనిషి కాదు. ఆమె ఇల్లు రైల్లో నలభై నిమిషాల దూరాన, ఊరి అంచున, పట్టాల కట్టకు ఆనుకున్న రేకుల వరసలో ఉండేది. అయినా దేశం దివాలా తీసిన రెండువేల రెండులో, బ్యోనస్ ఐరిస్‌లోని మా కొలెహియాలెస్ పేట ఏ తీర్మానం చేసినా ఆమె నోటితో చెప్పాకే అది తీర్మానమయ్యేది.

గురువారాలు సాయంత్రం ఆరున్నరకు, మూతపడిన బ్యాంకు ముందు కూడలిలో సభ. అంతకుముందు డిసెంబరులో గిన్నెలూ మూతలూ వాయిస్తూ వీధికెక్కి ప్రభుత్వాన్ని దించినవాళ్ళం, ఆ తర్వాత ఇళ్ళకు పోయి ఊరుకోలేకపోయాం. సభకు నాయకుడు ఉండకూడదు. పార్టీ జెండా కనపడకూడదు. మాట్లాడదలచినవాళ్ళు పేరు రాయించుకోవాలి, మూడు నిమిషాలు దాటకూడదు. ఆఖరున చేతులెత్తాలి. ఆసుపత్రికి దూది ఎక్కణ్ణుంచి తేవాలన్నదీ, దేశం విదేశీ అప్పు తీర్చాలా వద్దా అన్నదీ అక్కడే తేలిపోయేవి. తేలనిది ఒక్కటే, ఎన్ని చేతులు లేచాయన్నది.

మాకు చలి మొదలయ్యే ఏప్రిల్ చివర్లో ఒక గురువారం అది ముదిరింది. పేటలో ఉండే ఆడిటరు యాభై ఎనిమిదన్నాడు. విశ్వవిద్యాలయంలో చదివే గాస్తోన్ అరవై తొమ్మిదన్నాడు.

"మీ పార్టీ వాళ్ళు రెండేసి చేతులెత్తుంటారు, అందుకే ఎక్కువొచ్చాయి," అన్నాడు ఆడిటరు.

"మీకేమో కంపెనీల లాభాలు తగ్గించి రాసీ రాసీ, ఏది చూసినా తక్కువే కనపడుద్ది," అన్నాడు గాస్తోన్.

దోన్ ఈతలో అని మేం పిలిచే పెద్దాయన లేచాడు. డెబ్బై నాలుగేళ్ళ గడియారాల మెకానిక్కు. సభ నియమాలు సగం ఆయన పెట్టినవే.

"ఇక్కడ ఓటున్నోళ్ళు ఎవరూ లెక్కపెట్టొద్దు. ఏ పక్షం నెగ్గినా పైసా లాభంలేని మనిషి కావాలి," అని చుట్టూ చూశాడు.

బ్యాంకు గోడవారన ఒక ఆడమనిషి అట్టపెట్టెల్ని కాలితో తొక్కి చదును చేస్తూ ఉంది. యాభై దాటిన వయసు, మగవాళ్ళ కోటు, పక్కన రెండు చక్రాల తోపుడుబండి.

"ఏమమ్మా, లెక్కలొచ్చా నీకు?"

"ఇరవై రెండేళ్ళు మేజోళ్ళు లెక్కపెట్టానయ్యా. డజన్లయితే చూడకుండా చెప్తా. మేజోళ్ళు కదలవు. మీరు కదుల్తారు, అదే చిక్కు."

ఆ మేజోళ్ళ ఫ్యాక్టరీ రెండేళ్ళ కిందట ఒకరోజు పొద్దున్నే గేటుకు తాళంతో కనిపించింది. అప్పటినుంచి ఎదెల్మీరా అట్టలు ఏరుతోంది. ఆమె లాంటి వాళ్ళ కోసం ప్రతి సాయంత్రం ఒక రైలు నడిచేది. సీట్లు పీకేసిన పెట్టెలు, కిటికీలకు ఇనుప వల. మనుషులూ బళ్ళూ కలిసి అందులో వచ్చి, చెత్త ఎత్తే లారీలు రాకముందే వీధులు చుట్టి, అట్టా కాగితం ఏరుకుని అదే రైల్లో వెనక్కి పోయేవాళ్ళు. మా స్టేషన్లో నలభై మూడు బళ్ళు దిగేవి.

ఆ రోజు ఆమె చేతులు కోటుకు తుడుచుకుని మధ్యలోకి వచ్చింది.

"నేను ముట్టుకున్నాకే చెయ్యి దించండి. ముందే దించితే ఆ ఓటు లేనట్టే."

వరసల మధ్య నడుస్తూ ఎత్తిన ప్రతి చేతినీ వేలి కొసతో తాకుతూ పోయింది. తాకిన చెయ్యి దిగేది. అచ్చుసిరా పట్టి నల్లబడ్డ వేళ్ళు ఆమెవి. మంచి ఉన్ని కోటు వేసుకున్న ఒకావిడ ఆ వేళ్ళు దగ్గరికి రాగానే తన చేతిని కోటు చేతిలోకి లాక్కుంది. ఎదెల్మీరా ఆగింది.

"చెయ్యి ఉందా లేదా తల్లీ?"

జనం నవ్వారు. ఆవిడ ఎర్రబడి చెయ్యి బయట పెట్టింది. ఆ రోజు లెక్క అరవై ఒకటి. ఆడిటరూ గాస్తోనూ ఇద్దరూ ఒప్పుకున్నారు. తర్వాతి గురువారం ఉన్ని కోటావిడ చేతి తొడుగు కూడా తీసి చెయ్యెత్తింది.

మే చివరికి ఆమె వరసల్లో నడుస్తుంటే, మూడు వీధుల అవతల బస్సు బ్రేకు వేసిన చప్పుడు వినపడేది. పార్లమెంటులో ఓట్లు లెక్కించడం నేను పత్రిక పనిమీద చాలాసార్లు చూశాను. అక్కడ లెక్క పూర్తయ్యేలోపు సభ్యులు సగంమంది క్యాంటీనులో ఉంటారు. ఇక్కడ ఆమె వేలు తాకిన క్షణాన ఒక్కొక్కరి ముఖంలో ఏదో మారేది. బ్యాంకు తమ పొదుపును దిగమింగాక, ఉద్యోగం పోయాక, ఈ దేశంలో తమను కూడా ఎవరో ఒక అంకెగా తీసుకున్నారన్న నమ్మకం కావచ్చు. అట్టలేరే మనిషి ఆ నమ్మకం పంచుతూ తిరుగుతోందని అప్పట్లో మాకెవరికీ తట్టలేదు.

ఆమె ఇంకో పని కూడా చేసింది. మందుల షాపు నడిపే క్లొతీల్దేకి తప్ప అప్పట్లో అది ఎవరికీ తెలియదు. జూన్ మొదట్లో ఒక సాయంత్రం ఎదెల్మీరా షాపులోకి వచ్చి, ఎవరూ లేనిదాకా ఆగి, "మీ వెనక వీధిలో ఏడిళ్ళ చెత్తలో మందు డబ్బాలు రావట్లేదమ్మా. పోయినేడు నెలకోసారి వచ్చేవి. రక్తపోటువి, చక్కెరవి. మనుషులు మాత్రం ఉన్నారు, టీ ఆకు వస్తూనే ఉంది," అంది. క్లొతీల్దే ఎవరి పేరూ చెప్పకుండా విషయం సభలో పెట్టింది. ఆ గురువారమే సభ మందుల నిధి పెట్టింది. ఏడిళ్ళవాళ్ళూ అడగకుండానే మందులు అందుకున్నారు. ఏ ఇళ్ళో ఎదెల్మీరా మళ్ళీ ఎవరి దగ్గరా అనలేదు.

జూన్ చివర్లో స్టేషను గోడమీద ఒక కాగితం వెలిసింది. జూలై మొదటి సోమవారం నుంచి అట్టలవాళ్ళ రైలు ఇక్కడ ఆగదు. కారణం రాయలేదు.

తర్వాతి స్టేషన్లో దిగితే ఏం పోయిందని అడిగినవాళ్ళున్నారు. అక్కడి వీధులు అక్కడ దిగేవాళ్ళవి. ఎవరి వీధిలో వాళ్ళే ఏరుకోవాలి, అది అట్టలవాళ్ళ కట్టుబాటు. స్టేషను పోతే వీధులు పోయినట్టే, వీధులు పోతే నలభై మూడు ఇళ్ళలో పొయ్యి లేనట్టే.

ఆ గురువారం సభ ముందుకు ఒకే ప్రతిపాదన వచ్చింది. సోమవారం సాయంత్రం సభ మొత్తం ప్లాట్‌ఫారం మీద నిలబడాలి, రైలు ఆగేదాకా కదలకూడదు. ఎదెల్మీరా మొదటిసారి తన పేరు రాసుకోమంది. పేటలో ఉండని మనిషి మాట్లాడవచ్చా అని మేం నలభై నిమిషాలు తర్జనభర్జన పడ్డాం. అలాంటివాళ్ళం. చివరికి మూడు నిమిషాలు ఇచ్చారు. ఆమె ఒక్కటి కూడా వాడలేదు.

"రైలు ఆగకపోతే మేం రాలేం. జాలిపడమని అడగట్లేదు. ఈ వీధుల్లో పనిచేస్తున్నాం, చెత్త సంచి విప్పితే మళ్ళీ ముడేసి పోతున్నాం. పని ఉండనివ్వమంటున్నా. అంతే."

ఆమె వెనక్కి వస్తుంటే క్లొతీల్దే ఆమె మోచెయ్యి పట్టుకుంది. "మందుల సంగతి చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తా. ఒక్క చెయ్యి కూడా కింద ఉండదు."

"అది ఇక్కడ చెప్పేది కాదమ్మా. వాళ్ళ ఇంటి గుట్టు, నా రైలు టిక్కెట్టు కాదు."

దోన్ ఈతలో వ్యతిరేకంగా మాట్లాడాడు. "రైలు మన చేతిలో లేదు. పోలీసులొస్తారు, నలుగురు దెబ్బలు తింటారు, వచ్చే గురువారానికి ఇక్కడ ఇరవైమంది ఉంటారు. ఓడిపోయే పనికి సభ పేరు పెట్టొద్దు." పెద్దవాళ్ళు తలలూపారు.

తర్వాత గాస్తోన్ లేచాడు. తనతో కలిపి పార్టీవాళ్ళు నలుగురూ అట్టలవాళ్ళ పక్షమేనన్నాడు. అయితే ఈ ప్రతిపాదన మరీ చిన్నదన్నాడు. ఒక్క స్టేషను కాదు, రైళ్ళన్నిటినీ ప్రభుత్వం వెనక్కి తీసుకోవాలి, విదేశీ అప్పు కట్టనని చెప్పాలి. సగం కోరికకు చెయ్యెత్తడం ప్రజల్ని మోసగించడమే. అందుకని తామంతా వ్యతిరేకంగా ఓటేస్తామన్నాడు.

"అంటే నాకోసం నా మీద ఓటేస్తావా నాయనా?" అని అడిగింది ఎదెల్మీరా.

"మీకోసమే అత్తా. మొత్తం సాధించాలి."

"సాధించండి. రైళ్ళన్నీ మీ చేతికొచ్చిన రోజున కూడా అది ఎక్కడో ఒకచోట ఆగాలిగా."

జనం గొల్లుమన్నారు. గాస్తోన్ కూడా నవ్వాడు, మాట మాత్రం మార్చుకోలేదు.

ఈసారి వేరే ఎవరైనా లెక్కపెట్టాలని ఒకరన్నారు. ఇది ఆమె సొంత విషయం కదా. దోన్ ఈతలో ఒప్పుకోలేదు. "ఆమే పెట్టాలి. ఇంకెవరు పెట్టినా నేను నమ్మను," అన్నాడు. వ్యతిరేకంగా మాట్లాడిన మనిషే ఆ మాటన్నాక ఎవరూ కాదనలేకపోయారు.

అనుకూలంగా చేతులు లేచాయి. ఆమె నడిచింది, తాకింది. ఉన్ని కోటావిడది, క్లొతీల్దేది, ఆడిటరుది. తర్వాత వ్యతిరేకం. దోన్ ఈతలో చెయ్యి పైకి నిలబెట్టి ఆమెను సూటిగా చూశాడు. ఆమె అందరిలాగే అతన్నీ తాకింది. చివరి వరసలో గాస్తోన్, అతని ముగ్గురు నేస్తాలు. చిట్టచివరి చెయ్యి దగ్గర ఆమె ఒక ఊపిరంతసేపు ఆగింది. ఆ చెయ్యి తాకకుండా వెనక్కి తిరిగినా చూసేవాళ్ళు లేరు. తాకింది.

"అనుకూలం ముప్పై ఒకటి. వ్యతిరేకం ముప్పై రెండు. తీర్మానం ఓడిపోయింది."

గొంతులో మార్పు లేదు. మేజోళ్ళ డజన్లు చెప్పినట్టే చెప్పింది. తరవాత గోడవారకు పోయి అట్టలు తొక్కడం మొదలెట్టింది.

ఆ సాయంత్రం ఎవరూ సొంతంగా లెక్కపెట్టుకోలేదు. తర్వాత అందరినీ అడిగాను. అనుకూలం ముప్పై మూడని చెప్పి ఉన్నా సరేననేవాళ్ళమన్నారు, ఆడిటరుతో సహా. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఆమెతోపాటు దిగే హెనారో తన బండి ఆమె బండికి అడ్డంపెట్టి తిట్టిపోశాడు.

"నీకేం పొయ్యేకాలమే? రెండు కలిపితే సరిపోయేది. నా పిల్లలకి నువ్వు పెడతావా అన్నం?"

"కలిపితే అది నా ఓటవుద్ది, వాళ్ళది కాదు. వాళ్ళ ఓటు కదరా మనకి కావాల్సింది."

"పెద్ద నీతిమంతురాలివి."

"తియ్యి, బండి తియ్యి. రైలు టైమైంది."

కూడలిలో సభ ముగిసినా జనం కదల్లేదు. ప్రభుత్వాలు లెక్కలు మార్చడం, బ్యాంకులు మార్చడం చూసి చూసి ఉన్నవాళ్ళం. ఒక మనిషి తన కూటిని తానే నిజం లెక్కతో తీసేసుకోవడం చూశాక ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. దోన్ ఈతలో జేబులోంచి గడియారం తీసి, చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు. కాసేపయ్యాక మళ్ళీ తీశాడు.

సోమవారం సాయంత్రం ఆరింటికి ప్లాట్‌ఫారం మీద యాభైమందికి పైగా ఉన్నారు. ఎవరూ ఎవరినీ పిలవలేదు. ఒకరినొకరు చూసుకుని కొందరు సిగ్గుపడ్డారు. గాస్తోన్ వచ్చాడు, జెండా తేలేదు. దోన్ ఈతలో మడతకుర్చీ, మాతే ఆకు టీ తాగే చెంబు, వేణ్ణీళ్ళ ఫ్లాస్కు తెచ్చుకున్నాడు. స్టేషను అధికారి బయటికొచ్చాడు.

"ఎవరయ్యా మీ నాయకుడు?"

"నాయకుడు లేడు."

"మీ సభ వద్దని తీర్మానించిందిగా. నాకు కబురొచ్చింది."

"సభ వద్దంది. సభ రాలేదు," అన్నాడు దోన్ ఈతలో. "మేం వచ్చాం."

వల బిగించిన రైలు వంపు తిరిగింది. పట్టాలమీద ఎవరూ లేరు. ప్లాట్‌ఫారం మాత్రం అంచుదాకా నిండిపోయింది. డ్రైవరు హారన్ మోగించాడు, మళ్ళీ మోగించాడు. ఎవరూ వెనక్కి జరగలేదు. అంతమంది పక్కనుంచి వేగంగా పోయే ధైర్యం లేక కాబోలు, బ్రేకు వేశాడు. చివరి రెండు పెట్టెలు ప్లాట్‌ఫారం బయటే ఉండిపోయాయి. తలుపులు తెరుచుకున్నాయి.

రెండో పెట్టెలోంచి ఎదెల్మీరా తల బయటికొచ్చింది. రైలు ఆగదనుకుని, దూరంగా ఎక్కడో దిగడానికి సిద్ధపడే వచ్చినట్టుంది. బండి తాళ్ళు బిగించి కట్టి ఉన్నాయి. జనాన్ని చూసింది. చాలాసేపు చూసింది.

"మీరు వద్దన్నారుగా పెద్దాయనా," అంది చివరికి.

"ఓటు ఓటే. దాన్ని మార్చను," అన్నాడు దోన్ ఈతలో కుర్చీలోంచి లేస్తూ. "కాళ్ళు నావి."

ఆమె తల తిప్పుకుని తాళ్ళు విప్పడం మొదలుపెట్టింది. ఒక ముడి రాలేదు. పళ్ళతో లాగింది. వెనక హెనారో తొందరపెడుతున్నాడు, అతని వెనక ఇంకా నలభై బళ్ళు. డ్రైవరు మళ్ళీ హారన్ కొట్టాడు.

"కాస్త జరగండమ్మా, జరగండయ్యా," అంది ఎదెల్మీరా. "బళ్ళు దించాలి."